ఏ రామచంద్రపురము? ఆదేశ పంక్తిలో ప్రాంప్టు, దాని రంగులు

గోదావరి తూర్పు డెల్టాలో, ద్రాక్షారామమునకు చేరువగా రామచంద్రపురము అను పట్టణము కలదు. హైదరాబాదునకు పశ్చిమమున, బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారము దగ్గర మరియొక రామచంద్రపురము కలదు. తిరుపతి సమీపమున ఒక మండలమునకే రామచంద్రపురమని పేరు. కవరుపైన "రామచంద్రపురము" అని మాత్రమే వ్రాసి టపాపెట్టెలో వేసినచో, ఆ ఉత్తరము ఏ ఊరికి పోవలెనో టపా ఉద్యోగికి తెలియదు. మన దేశమున 1972 ఆగస్టు 15న పిన్‌కోడు ప్రవేశపెట్టుటకు గల కారణములలో ఇట్టి పేర్ల తికమక ఒకటి. డెల్టాలోని రామచంద్రపురము పిన్‌కోడు 533తో మొదలగును. హైదరాబాదు దగ్గరిది 502తో మొదలగును. ఆరు అంకెలు చిరునామా చివర నిలిచి సందేహమును తీర్చును.

ఊరు తప్పిన ఉత్తరము నాలుగు దినములు ఆలస్యముగానైనను తిరిగి రావచ్చును. కాని ఒక కంప్యూటరునకు ఈయవలసిన ఆదేశమును పొరపాటున వేరొక కంప్యూటరునకు ఇచ్చినచో, ఆ ఆదేశము తిరిగి రాదు. అది తక్షణమే అమలు జరిగిపోవును. అందుచేత ఆదేశము ఇచ్చువాని కన్నుల యెదుట, ఆదేశము వ్రాయుచోటనే, "నీవు ఉన్న చోటు ఇది" అని తెలుపు చిరునామా ఒకటి ఉండవలెను. ఆ చిరునామాయే ప్రాంప్టు. దానిని తన అవసరమునకు తగినట్లు దిద్దుకొనుట, దానికి రంగులు వేయుట పైపై అలంకారములుగా కనిపించును. వాటి వెనుక ఉన్న శాస్త్రమును, వాటి ప్రయోజనమును తెలిసికొనుట ఉన్నత పాఠశాల విద్యార్థికి కష్టము కాదు.

చిప్ప, కొబ్బరి

నేడు కంప్యూటరుతో పని చేయుటకు అందరికి తెలిసిన మార్గము తెరపైని బొమ్మలను నొక్కుట. దీనికంటె పాతది, నేటికిని నిపుణులు విడువనిది మరియొక మార్గము కలదు. తెరపై ఒక పంక్తిలో ఆదేశమును అక్షరములతో వ్రాసి ఎంటర్ మీటను నొక్కవలెను. యంత్రము ఆ పని చేసి, ఫలితమును క్రింది పంక్తులలో చూపించి, మరల క్రొత్త ఆదేశము కొరకు ఎదురుచూచును. దీనిని ఆదేశ పంక్తి అందురు. మనిషి వ్రాసిన ఆదేశమును చదివి, అర్థము చేసికొని, యంత్రముచేత పని చేయించు కార్యక్రమమునకు షెల్ అని పేరు.

షెల్ అనగా చిప్ప. ఈ పేరును 1960వ దశకపు మధ్యకాలమున, మల్టిక్స్ అను వ్యవస్థకు రూపకల్పన జరుగుచున్న రోజులలో, లూయీ పూజాఁ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పెట్టెను. కోనసీమ విద్యార్థులకు దీనిని వివరించుటకు కొబ్బరికాయ చాలును. లోపలి కొబ్బరి అసలు వస్తువు. యంత్రపు జ్ఞాపకశక్తిని, పరికరములను నడపు ప్రధాన భాగమును కెర్నెల్ అందురు. దాని చుట్టును ఉన్నది చిప్ప. బయటివాని చేయి తగులునది చిప్పకే గాని లోపలి కొబ్బరికి కాదు. అటులనే మనిషి మాట వినునది షెల్. ఆ మాటను లోపలికి చేరవేయునదియు షెల్.

మరి ప్రాంప్టు అనగా నేమి? పౌరాణిక నాటకములు చూచినవారికి ఈ మాట క్రొత్త కాదు. తెరచాటున నిలిచి, పాత్రధారి పద్యము మరచినప్పుడు మొదటి మాటను అందించువానిని ప్రాంప్టరు అందురు. అతని పని "ఇక నీ వంతు" అని జ్ఞాపకము చేయుట. షెల్ చేయు పనియు అదియే. ముందటి ఆదేశము ముగియగానే పంక్తి మొదట ఒక గుర్తును వ్రాసి, "ఇక నీ వంతు, చెప్పుము" అని మనిషికి సూచించును.

ఒక్క గుర్తుతో సరిపెట్టుకొనిన రోజులు

తొలినాటి ప్రాంప్టు ఒకే ఒక గుర్తు. ఇందుకు కారణము పిసినారితనము కాదు, యంత్రపు వేగము. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు 1969లో యూనిక్స్ వ్యవస్థను నిర్మింపసాగినప్పుడు వారి ముందు నేటివంటి తెరలు లేవు. కాగితముపై అచ్చువేయు టెలిటైపు యంత్రములు ఉండెడివి. వాటిలో ప్రసిద్ధమైన 33వ నమూనా సెకనుకు 10 అక్షరములు మాత్రమే అచ్చువేయగలదు. 30 అక్షరముల ప్రాంప్టును పెట్టుకొనినచో, ప్రతి ఆదేశమునకు ముందు మూడు సెకనులు ఊరక కూర్చుండవలెను. దినమునకు 400 ఆదేశములు ఇచ్చువానికి ఇరువది నిమిషములు ప్రాంప్టు అచ్చగుటకే సరిపోవును. కాగితము ఖర్చు వేరు.

1979లో యూనిక్స్ ఏడవ కూర్పుతో స్టీఫెన్ బోర్న్ వ్రాసిన షెల్ వెలువడెను. అందు సామాన్యునికి $ అను గుర్తును, వ్యవస్థపై సర్వాధికారములు గల రూట్ అను వాడుకరికి # అను గుర్తును ప్రాంప్టుగా ఏర్పరచిరి. ఈ చిన్న భేదములో పెద్ద హితము ఉన్నది. # కనబడినచో "నీ చేతిలో ఉన్నది పదునైన కత్తి, జాగ్రత్త" అని అర్థము. నలువది సంవత్సరములు దాటినను ఈ రెండు గుర్తులు నేటికిని చెక్కుచెదరలేదు.

ఆ షెల్లులోనే ఇంకొక సౌకర్యము కూడ వచ్చెను. ప్రాంప్టుగా ఏమి వ్రాయవలెనో ఆ మాటను పి.ఎస్.1 అను పేరుగల చలరాశిలో భద్రపరచిరి. బీజగణితమున ఎక్స్ అను అక్షరమునకు ఏ విలువనైనను ఇచ్చినట్లు, పి.ఎస్.1 అను చలరాశికి వాడుకరి తనకు నచ్చిన విలువను ఇచ్చుకొనవచ్చును. ఆదేశము ఒక పంక్తిలో పూర్తి కాక రెండవ పంక్తికి సాగినప్పుడు కనబడు > అను గుర్తు పి.ఎస్.2 అను చలరాశిలో ఉండును. ప్రాంప్టును మార్చుకొను కళకు మూలము ఇదియే.

1981లో వెలువడిన ఎం.ఎస్. డాస్ వ్యవస్థలోను ఇట్టి ఏర్పాటే కనబడును. కంప్యూటరు శిక్షణ కేంద్రములలో ఎందరో మొదట చూచిన సి:\> అను గుర్తుల వరుస ఆ వ్యవస్థ ప్రాంప్టే. అందు సి అనునది డిస్కు పేరు. తరువాతిది ఆ డిస్కులో వాడుకరి ఉన్న చోటు.

ప్రాంప్టును కూర్చు విధము

నేడు గ్నూ/లినక్స్ వ్యవస్థలలో విస్తారముగా వాడబడు షెల్ బాష్. దీనిని బ్రయన్ ఫాక్స్ వ్రాయగా 1989లో మొదట విడుదలైనది. బాష్‌లో ప్రాంప్టు విలువ యందు వెనుకవాలు గీతతో మొదలగు కొన్ని సంకేతములను చేర్చవచ్చును. షెల్ ప్రతిసారి ప్రాంప్టు వ్రాయుటకు ముందు ఆ సంకేతముల స్థానమున అప్పటి విలువలను ఉంచును. ముఖ్యమైనవి ఇవి:

\యు: వాడుకరి పేరు.
\హెచ్: యంత్రము పేరు.
\డబ్ల్యు: వాడుకరి ప్రస్తుతము ఉన్న సంచయము, అనగా దస్త్రముల అర.
\టి: గడియారపు వేళ.
\$: సామాన్యునికి $, సర్వాధికారికి #.

కీబోర్డుపై వీటిని చిన్నబడి ఆంగ్లాక్షరములతో కొట్టవలెను. మొదటి రెంటి నడుమ @ గుర్తును, తరువాత రెండు చుక్కలను పెట్టి అన్నిటిని వరుసగా కూర్చినచో, ప్రయోగశాలలోని విద్యార్థి తెరపై "రవి@బల్ల7:~/పాఠములు$" వంటి ప్రాంప్టు కనబడును. దీని భావము: వాడుకరి రవి, యంత్రము బల్ల7, చోటు రవి సొంత అరలోని పాఠములు అను లోపలి అర, అధికారము సామాన్యము. ~ అను అలగుర్తు "నా ఇల్లు" అను అర్థమున వాడబడును. కవరుపై పేరు, వీధి, ఊరు, పిన్‌కోడు ఉన్నట్లే ఇందును అంశములన్నియు ఉన్నవి.

ఒక కిటికీలో పి.ఎస్.1 విలువను మార్చినచో ఆ మార్పు ఆ కిటికీ మూయువరకే నిలుచును. నేర్చుకొనువానికి ఇది మేలు. తప్పు జరిగినచో కిటికీని మూసి మరల తెరచిన చాలును. మార్పు శాశ్వతము కావలెనన్నచో దానిని వాడుకరి ఇంటిలోని ".బాష్‌ఆర్‌సి" అను దస్త్రమున వ్రాయవలెను. పేరు మొదట చుక్క ఉన్న దస్త్రములు సాధారణపు జాబితాలలో కనబడవు. దిద్దుటకు ముందు ఆ దస్త్రమునకు ఒక నకలు తీసి ఉంచుట మంచి అలవాటు.

ఇతర షెల్లులలో పద్ధతి కొంత మారును గాని భావము మారదు. 1990లో పాల్ ఫాల్‌స్టాడ్ వ్రాసిన జెడ్‌షెల్‌లో వెనుకవాలు గీతకు బదులు % గుర్తును వాడుదురు. 2005లో వెలువడిన ఫిష్ అను షెల్‌లో ప్రాంప్టు ఒక విలువగా కాక, చిన్న కార్యక్రమముగా ఉండును.

రంగు సంఖ్యల వెనుక ఉన్న గణితము

ఇక రంగుల మాట. టెలిటైపుల స్థానమున తెరలు వచ్చిన పిమ్మట, అక్షరములతోపాటు "ఇక్కడ తుడువుము", "అక్కడికి జరుగుము" అను సూచనలను కూడ తెరకు పంపవలసి వచ్చెను. మొదట ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క సంకేత భాషను కల్పించెను. ఈ గందరగోళమును తొలగించుటకు 1976లో ఇ.సి.ఎం.ఎ. 48 అను ప్రమాణము ఏర్పడెను. ఇట్టి ప్రమాణములను అనుసరించి 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ విడుదల చేసిన వి.టి.100 అను తెర లోకప్రసిద్ధి పొందినది. దానికి రంగులు లేవు. కాని అది అర్థము చేసికొనిన సంకేతముల పద్ధతినే నేటి కిటికీలును అనుసరించుచున్నవి.

ఆ పద్ధతిలో ఏ సూచనయైనను ఎస్కేప్ అను అదృశ్యాక్షరముతో మొదలగును. దాని సంఖ్య 27. ఎనిమిది ఆధారముగా గల సంఖ్యామానమున దీనిని 33 అని వ్రాయుదురు. మూడు ఎనిమిదులు ఇరువదినాలుగు, మరి మూడు కలిపిన ఇరువదియేడు. ఎస్కేప్ తరువాత [ గుర్తు, రంగు సంఖ్య, చివర ఎమ్ అను అక్షరము రావలెను. రంగు సంఖ్య 31 అయినచో అక్షరములు ఎరుపు; 32 అయినచో ఆకుపచ్చ; 0 అయినచో మరల మామూలు స్థితి. అక్షరముల రంగులకు 30 నుండి 37 వరకు, వాటి వెనుకటి నేల రంగులకు 40 నుండి 47 వరకు సంఖ్యలు కేటాయింపబడినవి.

రంగులు ఎనిమిదే ఎందుకు? తెరపై ప్రతి బిందువునందు ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు దీపములు ఉన్నవనుకొనవలెను. ఒక్కొక్కటి వెలుగవచ్చును, ఆరవచ్చును. రెండు అవకాశములు మూడు చోట్ల కలసినచో 2 × 2 × 2, అనగా 8 రంగులు. ఎరుపునకు 1, ఆకుపచ్చకు 2, నీలమునకు 4 అని విలువ లిచ్చి కూడవలెను. అన్నియు ఆరినచో 0, నలుపు. ఎరుపు, ఆకుపచ్చ వెలిగినచో 3, పసుపు. ఎరుపు, నీలము వెలిగినచో 5, ముదురు గులాబి. ఆకుపచ్చ, నీలము వెలిగినచో 6, నీలాకాశపు ఛాయ. మూడును వెలిగినచో 7, తెలుపు. ఈ సంఖ్యలకు 30 కలిపినచో అక్షరపు రంగు సంకేతము, 40 కలిపినచో నేల రంగు సంకేతము వచ్చును. కుంచెతో ఎరుపు, ఆకుపచ్చ రంగులను కలిపినచో పసుపు రాదు. అక్కడ జరుగునది కాంతిని మ్రింగుట. తెరపై జరుగునది కాంతికి కాంతి కూడుట. భౌతికశాస్త్రపు తరగతిలో ఈ భేదమును చూపుటకు ఇంతకంటె సులభమైన ప్రయోగము లేదు.

తరువాతి కాలమున కాంతివంతములైన మరి ఎనిమిది రంగులను 90 నుండి 97 వరకు గల సంఖ్యలతో చేర్చిరి. ఆ పిమ్మట 256 రంగుల పట్టిక వచ్చెను: పాత 16, ఒక్కొక్క దీపమునకు ఆరు మెట్లు చొప్పున 6 × 6 × 6 = 216, బూడిద ఛాయలు 24. ఒక్కొక్క దీపమునకు 256 మెట్లు ఇచ్చు నేటి పద్ధతిలో మొత్తము 1,67,77,216 రంగులు.

రంగుల పట్టికయే థీము

ఇక్కడ ఒక విషయమును జాగ్రత్తగా గమనింపవలెను. ప్రాంప్టులో 34 అని వ్రాసినప్పుడు "నాలుగవ రంగు" అని మాత్రమే తెరకు తెలియును. ఆ నాలుగవ రంగు ఏ నీలమో, ఎంత లేతదో, ఎంత ముదురో నిర్ణయించునది కిటికీలోని పట్టిక. పదునారు రంగులకును, మామూలు అక్షరములకును, నేలకును ఏ ఛాయలు వాడవలెనో తెలుపు ఆ పట్టికనే రంగుల థీము అందురు. గుమాస్తా పుస్తకమున "నాలుగవ రకము" అని వ్రాసుకొనును. కొట్టులో నాలుగవ డబ్బాలో ఏమి పోసిరో అదియే వచ్చును. ఇట్టిదే ఇదియు. షెల్ సంఖ్యను చెప్పును, థీము ఛాయను ఇచ్చును. కావున థీమును మార్చినచో ప్రాంప్టులో ఒక్క అక్షరమును దిద్దకుండగనే అన్ని రంగులును మారును.

నల్లని నేలపై నీలపు అక్షరములు చదువలేక అనేకులు కండ్లు చికిలించుకొందురు. ఇందుకు కారణమును లెక్కగట్టి చూపవచ్చును. మనిషి కంటికి మూడు దీపములు సమానముగా వెలుగైనట్లు తోచవు. తెల్లని కాంతి ప్రకాశమును 1 అనుకొనినచో, అందు ఆకుపచ్చ వాటా 0.7152, ఎరుపు వాటా 0.2126, నీలము వాటా 0.0722 మాత్రమే. రెండు రంగుల మధ్య స్పష్టతను కొలుచుటకు ఒక సూత్రము వాడుకలో ఉన్నది: హెచ్చు ప్రకాశమునకు 0.05 కలిపి, తక్కువ ప్రకాశమునకు 0.05 కలిపి, మొదటిదానిని రెండవదానితో భాగించవలెను. నలుపుపై తెలుపునకు ఈ నిష్పత్తి 1.05 ÷ 0.05 = 21. ఇదియే గరిష్ఠము. నలుపుపై అచ్చమైన నీలమునకు 0.1222 ÷ 0.05 = 2.44. మామూలు పరిమాణపు అక్షరములకు కనీసము 4.5 ఉండవలెనని వెబ్ ప్రమాణములను రూపొందించినవారు నిర్ణయించిరి. అందులో నీలము సగమునకు కొంచెము మాత్రమే పైన ఉన్నది.

నేల మారినచో లెక్క తలక్రిందులగును. తెలుపుపై నీలమునకు నిష్పత్తి 8.59, హాయిగా చదువవచ్చును. నలుపుపై పసుపునకు 19.56, తెలుపుపై పసుపునకు 1.07 మాత్రమే. అనగా తెల్లని నేలపై పసుపు అక్షరము ఉండియు లేనట్లే. నల్లని తెరపై చక్కగా అమర్చుకొనిన ప్రాంప్టు, ఎండ పడు గదిలో తెల్లని తెరకు మారగానే మాయమగుటకు కారణము ఇదియే. 2011లో ఈథన్ స్కూనోవర్ రూపొందించిన సోలరైజ్‌డ్ అను థీము ఈ చిక్కును దృష్టిలో ఉంచుకొని చేసినది. అందలి పదునారు రంగులలో ఎనిమిది నేలకు, సాదా అక్షరములకు. ఎనిమిది ప్రత్యేకముగా చూపవలసినవాటికి. ఈ రెండవ ఎనిమిది నల్లని కూర్పునందును, తెల్లని కూర్పునందును మార్పు లేకయే పనికివచ్చును.

రంగును మాత్రమే నమ్ముకొనరాదనుటకు మరియొక కారణము కలదు. ఐరోపా సంతతి పురుషులలో పన్నెండుగురిలో ఒకరికి ఎరుపు, ఆకుపచ్చ రంగుల భేదము సరిగా తెలియదు. స్త్రీలలో ఇది రెండువందలమందిలో ఒకరికి ఉండును. ఇతర జాతులలో ఈ నిష్పత్తి కొంత తక్కువయైనను లేకపోలేదు. ఈ లోపమునకు కారణమైన జన్యువులు ఎక్స్ క్రోమోజోముపై ఉండుటచే మగవారిలో హెచ్చుగా కనబడును. కనుక ఎరుపు రంగుతోపాటు # వంటి గుర్తునో, ఒక మాటనో కూడ ఉంచవలెను. రంగు తెలియనివానికి గుర్తు తెలుపును. గుర్తును చూడక తొందరపడువానికి రంగు తెలుపును.

ఒక రాత్రి జరిగిన పొరపాటు

ప్రాంప్టు విషయమున ఇంత పట్టుదల ఎందుకని ఎవరైనను అడుగవచ్చును. దానికి సమాధానము 2017 జనవరి 31 రాత్రి జరిగిన సంఘటన. లక్షలాది కార్యక్రమ రచయితలు తమ రచనలను భద్రపరచుకొను గిట్‌ల్యాబ్ అను సంస్థలో సమాచారము రెండు యంత్రములందు ఉండెడిది. ఒకటి ప్రధానము, రెండవది దానికి నకలు. ఆ రాత్రి నకలు యంత్రము వెనుకబడిపోగా, దానిని మరల మొదటినుండి నింపదలచి ఒక ఇంజినీరు దానిలోని పాత సమాచారమును తుడిచివేయు ఆదేశము ఇచ్చెను. రెండు యంత్రముల పేర్లకును చివరి అంకెలోనే ప్రధాన భేదము. ఆదేశము పోయినది నకలునకు కాదు, ప్రధానమునకు. ఒకటి రెండు సెకనులలో అతడు గ్రహించి ఆపెను. కాని అప్పటికే సుమారు 300 గిగాబైట్లలో మిగిలినది సుమారు 4.5 గిగాబైట్లు.

భద్రత కొరకు ప్రతిదినము తీయవలసిన నకళ్లు, సాధనముల కూర్పులు సరిపడక, చాల దినములుగా తయారగుటయే లేదని ఆ రాత్రియే తెలిసినది. అదృష్టవశమున ఆరు గంటలకు ముందు వేరొక పని కొరకు తీసిన ప్రతి ఒకటి ఉండెను. దానితో సంస్థ మరల నిలబడినది. ఆ ఆరు గంటల సమాచారము మాత్రము పోయినది. సంస్థ ఈ వృత్తాంతమును దాచక, నిమిష నిమిషపు వివరములతో ప్రకటించెను. తిరిగి ఇట్లు జరుగకుండుటకు చేపట్టిన పనుల పట్టికలో, అన్ని యంత్రముల ప్రాంప్టులను మార్చి ఏది ఏ యంత్రమో, అది అసలు సేవలో ఉన్నదో పరీక్ష కొరకు ఉన్నదో స్పష్టముగా కనబడునట్లు చేయుట కూడ ఒకటి.

ఇచట రెండు పాఠములు ఉన్నవి. అలసిన మనిషి అర్ధరాత్రివేళ ఒక అంకెను గమనింపకపోవుట సహజము. నేల అంతయు ఎరుపుగా ఉన్నచో గమనింపకపోవుట కష్టము. ఇది మొదటి పాఠము. రంగు జ్ఞాపకము చేయగలదే గాని కాపాడలేదు. కాపాడునది పరీక్షించి చూచిన నకలు. ఇది రెండవ పాఠము.

ధవళేశ్వరపు కొలబద్ద

డెల్టావాసులకు ఈ పద్ధతి తెలియనిది కాదు. వరదకాలమున ధవళేశ్వరము బ్యారేజి వద్ద నీటిమట్టము 11.75 అడుగులు చేరినచో మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. లంక గ్రామములోని రైతుకు ప్రవాహపు లెక్కలన్నియు అక్కరలేదు. "రెండవ హెచ్చరిక" అను ఒక్క మాట చాలును. పశువులను గట్టునకు తోలవలెనా, పడవను సిద్ధము చేయవలెనా అను నిర్ణయమునకు వచ్చును. అనేక కొలతలను ఒకే గుర్తుగా మార్చి, అవసరమైనవాని కంటికి అవసరమైన వేళ చూపుటయే హెచ్చరిక యొక్క రహస్యము.

మంచి ప్రాంప్టును ఇటులనే కూర్చవచ్చును. తన సొంత యంత్రమునకు ఆకుపచ్చ, పరీక్షకు ఉంచిన యంత్రమునకు పసుపు, పదిమంది ఆధారపడిన యంత్రమునకు ఎరుపు నేల. అట్లే ప్రతి ఆదేశము ముగిసినప్పుడు షెల్‌కు ఒక సంఖ్య అందును. అది 0 అయినచో పని సఫలము. 1 నుండి 255 వరకు మరి ఏదియైనను విఫలము. 127 అనగా అట్టి ఆదేశమే లేదు. 130 అనగా వాడుకరి మధ్యలో ఆపివేసెను. ఈ సంఖ్య 0 కానప్పుడు మాత్రమే దానిని ఎరుపు రంగులో ప్రాంప్టునందు చూపునట్లు చేసికొనినచో, నిశ్శబ్దముగా జరిగిన వైఫల్యము దాగియుండదు. అన్నిటికి రంగులు పూసినచో మాత్రము ఏదియు కంటికి ఆనదు. ప్రతిదినము మూడవ హెచ్చరిక మ్రోగించినచో వరదనాడు ఎవరును కదలరు.

కనబడని అక్షరములు, లెక్కకు లొంగని అక్షరములు

రంగుల ప్రాంప్టు పెట్టుకొనినవారికి తరుచుగా ఎదురగు చిక్కు ఒకటి కలదు. పొడవైన ఆదేశము పంక్తి చివరకు రాగానే క్రింది పంక్తికి పోక, ప్రాంప్టుపైననే అచ్చుపడి అంతయు చెరిగిపోవును. కారణము లెక్క తప్పుట. పంక్తిలో 80 గడులు ఉన్నచో, ప్రాంప్టు ఎన్ని గడులు ఆక్రమించినదో షెల్ లెక్కించుకొని, మిగిలిన చోటును ఆదేశమునకు వదలును. \033[31ఎమ్ అను రంగు సంకేతమునకు అక్షరములు ఉన్నవి గాని తెరపై చోటు లేదు. షెల్ దానిని కూడ గడులుగా లెక్కించినచో తప్పు వచ్చును. అందుచేత బాష్‌లో రంగు సంకేతమునకు ముందు \[ అనియు, తరువాత \] అనియు ఉంచవలెను. "వీటి నడుమ ఉన్నది కనబడదు, లెక్కింపకుము" అని వీటి అర్థము. చివర 0 సంకేతముతో రంగును ముగించుట మరువరాదు. మరచినచో తరువాతి అక్షరములన్నియు ఆ రంగులోనే పడును.

తెలుగువారికి ఇంకొక చిక్కు అదనము. "రామచంద్రపురం" అను మాటలో చదువరికి కనబడు అక్షరములు ఆరు: రా, మ, చం, ద్ర, పు, రం. యూనికోడు లెక్కలో ర, ఆకారపు గుణింతము, మ, చ, సున్న, ద, పొల్లు, ర, ప, ఉకారపు గుణింతము, ర, సున్న కలసి పన్నెండు. యు.టి.ఎఫ్. 8 పద్ధతిలో ఒక్కొక్కటికి మూడు బైట్లు చొప్పున ముప్పదియారు. ఒకే మాటకు 6, 12, 36 అను మూడు లెక్కలు! ఒక్కొక్క గడిలో ఒక్కొక్క అక్షరము అను నియమముతో పుట్టిన తెరకు, గుణింతమును, వత్తును ఏ గడిలో వేయవలెనో తోచదు. షెల్ ఒక లెక్కను, తెర మరియొక లెక్కను అనుసరించినచో తెలుగు ప్రాంప్టు తరువాత మెరయు గీటు ఒకటి రెండు గడులు పక్కకు తప్పి నిలుచును. ఇది తెలుగు లిపి లోపము కాదు. టెలిటైపు నాటి గడి తన కొలతలోనే లోకమంతయు ఇముడునని తలచుట లోపము. ఈ కొలతను సరిదిద్దవలసిన పని భారతీయ లిపులను ఎరిగిన యువకులకొరకు వేచియున్నది.

తరగతిలో చేయదగిన ప్రయోగములు

ఉపాధ్యాయులు ఈ విషయమును మూడు చిన్న ప్రయోగములతో బోధింపవచ్చును. మొదటిది: 30 నుండి 37 వరకు సంఖ్యలతో ఒక మాటను అచ్చువేయించి, ఎరుపు 1, ఆకుపచ్చ 2, నీలము 4 అను కూడిక నిజమగుచున్నదో లేదో చూడవలెను. రెండవది: అదే పంక్తిని నల్లని థీములోను, తెల్లని థీములోను చూపి, గది వెనుక బల్లపై కూర్చున్న విద్యార్థికి ఏ రంగులు చదువ వీలగుచున్నవో వ్రాయించి, పైన చెప్పిన సూత్రముతో పోల్చవలెను. మూడవది: ఇద్దరు విద్యార్థులు రెండు కిటికీలలో ఒకే విధమైన ప్రాంప్టు పెట్టుకొని, కిటికీల స్థానములను మార్చి, ఏది ఎవరిదో చెప్పుటకు ప్రయత్నింపవలెను. పిమ్మట పేర్లు, రంగులు చేర్చి మరల ప్రయత్నింపవలెను. రెండు పర్యాయములకు గల భేదమే ప్రాంప్టు ప్రయోజనము.

ఈ ప్రయోగములకు ఖరీదైన యంత్రములు అక్కరలేదు. గ్నూ/లినక్స్ నడచు పాత కంప్యూటరైనను చాలును. అందు మొదటి దినముననే విద్యార్థి ఒక అలవాటు నేర్చుకొనవలెను: ఎంటర్ మీటను నొక్కుటకు ముందు కన్ను ఒకసారి పంక్తి మొదటికి పోవలెను. ఉత్తరమును డబ్బాలో వేయుటకు ముందు కవరుపై ఊరిపేరును, పిన్‌కోడును ఒకసారి చూచుకొనుట వంటిదే ఇదియు. డెల్టాలోని రామచంద్రపురమునకు పోవలసినది హైదరాబాదునకు పోకుండుటకు ఆ ఒక్క చూపు చాలును.